లెంట్‌లో ఇంటింటి కూడికలు పెట్టి మార్కు సువార్త మొత్తం చదివించడం ఎలా?

మా సంఘంలో చాలా ఏళ్ళు లెంట్ (ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం) అంటే ఒకటే పద్ధతి. బుధవారం ఒకరింట్లో, శుక్రవారం ఇంకొకరింట్లో కూడిక, ప్రతిసారీ ఒక కొత్త ప్రసంగీకుడు, ఆయనకి తోచిన వాక్యం ఆయన చెప్పేసి వెళ్ళిపోవడం. నలభై రోజులయ్యాక ఏం విన్నారమ్మా అంటే ఎవరికీ గుర్తుండేది కాదు, ఏ ఇంట్లో పులిహోర బాగుందో మాత్రం అందరికీ గుర్తే (నాక్కూడా). అందుకని ఇప్పుడు లెంట్ మొత్తం ఒకే సువార్త (యేసు జీవితం చెప్పే బైబిల్ పుస్తకం) చదువుతున్నాం, మార్కు. 16 అధ్యాయాలే, నాలుగు సువార్తల్లో చిన్నది అదే. మీ సంఘంలో కూడా చేద్దాం అనుకుంటే మేం చేసే పద్ధతి ఇదీ.

ముందు క్యాలెండర్ దగ్గర పెట్టుకోండి. ఈస్టర్ ఏటా మారుతుంది కదా, మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారం అన్నది లెక్క, అందుకే మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు ఎప్పుడైనా పడొచ్చు. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. అక్కణ్ణించి 46 రోజులు వెనక్కి వెళ్తే లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం, అంటే 2027లో ఫిబ్రవరి 10. మరి నలభై రోజులంటారుగా అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు, మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు ఆ నలభైలో కలపరు, అంతే.

ఇప్పుడు అధ్యాయాలు పంచుకోవాలి. లెంట్ మొదటి ఆదివారం నుంచి మట్టల ఆదివారం (ఈస్టర్‌కి ముందు ఆదివారం) దాకా సరిగ్గా ఐదు వారాలు ఉంటాయి. వారానికి రెండు చొప్పున పది అధ్యాయాలు అయిపోతాయి. యేసు ప్రభువు యెరూషలేములోకి వచ్చేది 11వ అధ్యాయంలోనే కాబట్టి అది మట్టల ఆదివారం గుడిలో చదివేయొచ్చు, 12, 13 సోమ మంగళవారాల్లో, 14 గురువారం ప్రభురాత్రి భోజనం ముందు, 15 శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే), 16 ఈస్టర్ తెల్లవారుజామున. ఎవరో కావాలని మన కోసం అమర్చినట్టు కుదురుతుంది. భస్మ బుధవారం ఏమీ చదివించొద్దు, ఆ రోజు ఆరాధన అయ్యాక ఈ షెడ్యూల్ చెప్పి జిరాక్స్ కాగితం పంచండి, వాట్సాప్‌లో కూడా పెట్టండి.

తర్వాత ఇళ్ళు. ఇక్కడే గొడవలొస్తాయి జాగ్రత్త. పెద్ద హాలున్న ఇళ్ళే తీసుకుంటే మిగతావాళ్ళు చిన్నబుచ్చుకుంటారు, చిన్న ఇల్లయితే వాకిట్లో టార్పాలిన్ పరిస్తే సరిపోతుంది. టీ, బిస్కెట్ మించి ఏమీ పెట్టకూడదని ముందే అయ్యగారి (పాస్టర్) చేత గుడిలో చెప్పించండి, మీరు చెప్తే వినరు. ఒకరు ఉప్మా పెడితే తర్వాతివాళ్ళు వడలు వేస్తారు, ఆ తర్వాతి ఇంటివాళ్ళు అప్పు చేసైనా బిర్యానీ పెట్టాలి అన్నట్టు తయారవుతుంది. ఇంకో సంగతి, మార్చి అంటే టెన్త్, ఇంటర్ పరీక్షలు. మైకు అసలొద్దు. ఒక ఇంట్లో ముప్పై మంది కూర్చుంటే మైకు ఎందుకు చెప్పండి? ఏడింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికల్లా ఆపేయాలి.

ఇక అసలు పని, చదవడం. రెండు అధ్యాయాలు మెల్లగా చదివినా ఇరవై నిమిషాలు పడుతుంది. ఒక్కరే చదివితే పదో వచనానికే సగం మంది కునుకు తీస్తారు కాబట్టి ముగ్గురు నలుగురికి పంచండి, కానీ అప్పటికప్పుడు నువ్వు చదువమ్మా అని బైబిల్ చేతిలో పెట్టొద్దు, పాపం చదువు అంతంతమాత్రం వచ్చినవాళ్ళు అందరి ముందు తడబడితే మళ్ళీ కూడికకే రారు. రెండు రోజుల ముందే భాగం ఇచ్చి ఇంట్లో గట్టిగా చదువుకుని రమ్మనండి. మన పరిశుద్ధ గ్రంథం భాష పాతది, పిల్లలకి సుంకరి అంటే తెలీదు, శతాధిపతి అంటే తెలీదు. పన్ను వసూలు చేసేవాడు, వందమంది సైనికుల మీద అధికారి అని చదవబోయే ముందే చెప్పేస్తే చాలు, మధ్యలో ఆపి వివరిస్తే కథ తెగిపోతుంది.

చదివాక ప్రసంగం వద్దు. రెండే ప్రశ్నలు, మీకు ఏది కొత్తగా అనిపించింది, ఏది అర్థం కాలేదు. మొదటి వారం ఎవరూ నోరు తెరవరు, కంగారుపడి మీరే చెప్పేయకండి, ఓ నిమిషం ఊరుకోండి. మా దగ్గర రెండో అధ్యాయం చదివిన రోజు, అదే నలుగురు మనుషులు పక్షవాతం వచ్చినతన్ని మోసుకొచ్చి, జనంలోంచి దారిలేక ఇంటి కప్పు విప్పి కిందకి దించుతారే ఆ భాగం, ఒక మామ్మ గోడకి ఆనుకుని అంతా విని "అయితే ఆ కప్పు మళ్ళీ ఎవరు కప్పించారయ్యా?" అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, ఆమెది తాటాకు ఇల్లు, కప్పు నేయించాలంటే ఎంతవుతుందో ఆమెకే తెలుసు. అరగంట దాని మీదే మాట్లాడుకున్నాం, ఆ ఇంటాయన ఏమని ఉంటాడు, మన ఇల్లయితే ఒప్పుకుంటామా అని. ఏ ప్రసంగీకుడూ అంతసేపు మమ్మల్ని కూర్చోబెట్టలేదు.

జవాబు తెలియని ప్రశ్న వస్తే రాసుకుని అయ్యగారిని అడిగి చెప్తాం అనండి, ఊహించి చెప్పకండి. పాటలకి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో శ్రమల పాటలు ఉండనే ఉన్నాయి, పెద్దవాళ్ళకి పుస్తకం కూడా అక్కర్లేదు. ఉపవాసం గురించి ఒక్క మాట, షుగర్ ఉన్నవాళ్ళనీ గర్భిణులనీ చూసేవాళ్ళేమనుకుంటారో అని ఉండనివ్వకండి, డాక్టర్ని అడగమనండి.

మట్టల ఆదివారం ఒక చిన్న తమాషా ఉంది. మార్కులో జనం పొలాల్లో కొమ్మలు నరికి దారిలో పరిచారని ఉంటుంది, ఖర్జూరపు మట్టలు అన్న మాట యోహాను 12లో ఉంటుంది. మనమేమో తాటి మట్టలో కొబ్బరి మట్టలో పట్టుకుంటాం. సండే స్కూల్ పిల్లల చేత రెండూ చదివించి తేడా కనిపెట్టమనండి, ఎగబడతారు.

శుభ శుక్రవారం మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద మాటకొకరు చొప్పున ప్రసంగాలు. మార్కు చదివినవాళ్ళు ఇక్కడ కచ్చితంగా అడుగుతారు, మార్కులో సిలువ మీద మాట ఒక్కటే ఉంది కదా మిగతావి ఏవి అని. లూకాలో మూడు, యోహానులో మూడు, ఆ "నా దేవా నా దేవా" అన్న మాట ఒక్కటే మత్తయి మార్కుల్లో. టైము గట్టిగా చూసుకోండి. మాటకి 15 నిమిషాలు, పాటకి 5, అలా ఏడు అయ్యేసరికి 140 నిమిషాలు, మిగిలిన 40లో ప్రార్థనలు, కానుక, సువార్త పాఠం. ఎప్పుడూ జరిగేదేంటంటే మొదటి ఇద్దరూ చెరో అరగంట తినేస్తారు, "సమాప్తమైనది" చెప్పాల్సిన ఆరో ఆయన లేచి రెండు ముక్కలు చెప్పి నిజంగానే సమాప్తం చేస్తాడు. ముందు వరసలో ఒకరిని గడియారంతో కూర్చోబెట్టండి, మొహమాటం లేనివాళ్ళని. ఎండలకాలం, గుమ్మం దగ్గర మంచినీళ్ళ కుండ పెట్టండి, ఉపవాసం ముగించేవాళ్ళకి మూడింటికి మజ్జిగ.

ఈస్టర్‌కి సమాధుల తోటలో కూడేవాళ్ళయితే శనివారం సాయంత్రమే యవ్వనస్థులు గడ్డి పీకి, సున్నం కొట్టి ఉంచాలి, తెల్లారగట్ల చీకట్లో ముళ్ళు కనపడవు. మార్కు 16 మొదటి ఎనిమిది వచనాలు చదవండి, స్త్రీలు పెందలకడ సమాధి దగ్గరికి వెళ్తూ రాయి ఎవరు పొర్లిస్తారు అనుకుంటారు కదా, దాన్ని స్త్రీల సమాజంలో ఒకరు చదివితేనే బాగుంటుంది. కొవ్వొత్తి గాలికి ఆరిపోతుంది, ఆమె పక్కన సెల్‌ఫోన్ లైట్ పట్టుకుని ఒక పిల్లాడిని నిలబెట్టండి, ఛార్జింగ్ ఉందో లేదో రాత్రే చూసుకోమని వాడికి చెప్పండి.