ఫైనల్ పరీక్ష రాసే నర్సింగ్ విద్యార్థులకి: ప్రతి నంబర్ పక్కన ఒక పని రాసుకోండి

పరీక్షకి నెల ఉందనగా చాలామంది చేసే పని, నార్మల్ వాల్యూస్ చార్ట్ ఒకటి గోడకి అతికించుకుని పొద్దున్నా రాత్రీ వల్లె వేయడం. నేనూ అదే చేశాను. వైవాలో (నోటి పరీక్షలో) ఎగ్జామినర్ పొటాషియం నార్మల్ ఎంత అని అడిగితే 3.5 నుంచి 5 అని టక్కున చెప్పాను కూడా. వెంటనే ఆవిడ "నీ పేషెంట్ రిపోర్ట్‌లో 6.8 వచ్చింది, బెడ్ పక్కన నువ్వొక్కదానివే ఉన్నావు, ఇప్పుడేం చేస్తావు?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. మార్కులు పోయాయన్న బాధ రెండు రోజుల్లో తగ్గింది గానీ, నిజంగా వార్డులో ఇలా జరిగుంటే అలాగే నిలబడి చూసేదాన్ని కదా అన్న భయం మాత్రం చాలా కాలం వదల్లేదు.

అందుకే పరీక్షకి చదివే పిల్లలకి నేను ముందుగా చెప్పేది ఇదే. చదివే ప్రతి నంబర్ పక్కన ఒక పని రాసుకోండి. ఇది పెరిగితే ఏం ఆపాలి, తగ్గితే ఏం చూడాలి, డాక్టర్ వచ్చేలోపు నా చేతులతో నేను ఏం చేయగలను. ఇలా చదివితే గుర్తుపెట్టుకోవడానికి వేరే కష్టపడక్కర్లేదు, కారణం తెలిసిన విషయం దానంతటదే మనసులో నిలబడిపోతుంది.

పొటాషియం

ఆ రోజు నేను చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు చెప్తాను. పొటాషియం పెరిగినా తగ్గినా దెబ్బ పడేది గుండె మీదే. పెరిగితే ఈసీజీలో టీ వేవ్ మొనదేలి పైకి లేస్తుంది, తగ్గితే టీ వేవ్ చదునైపోయి దాని పక్కన యూ వేవ్ కనిపిస్తుంది. కాబట్టి 6.8 చూడగానే సెలైన్‌లో పొటాషియం ఏమైనా పోతోందా చూసి ఆపాలి, మానిటర్ తగిలించాలి, ఈసీజీ తీయించాలి, ఇవి చేస్తూనే డాక్టర్‌కి కబురు చేయాలి. ఆ తర్వాత వచ్చే ఆర్డర్లు కూడా ఎందుకో తెలిసి ఉండాలి. కాల్షియం గ్లూకోనేట్ పొటాషియాన్ని తగ్గించదు, గుండె కండరాన్ని కాపాడుతుంది, అంతే. ఇన్సులిన్, డెక్స్‌ట్రోజ్ కలిపి ఇస్తే రక్తంలోని పొటాషియం కణాల లోపలికి వెళ్తుంది, అయితే దానివల్ల షుగర్ పడిపోవచ్చు కాబట్టి తర్వాతి కొన్ని గంటలు గ్లూకోజ్ చూస్తూ ఉండటం మన పని.

తగ్గడం సంగతికొస్తే, విపరీతమైన వాంతులు, విరేచనాలు, లేదా ఫ్యూరోసెమైడ్ (మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు) వాడే పేషెంట్ గుర్తుకు రావాలి. ఇక్కడ ఒక మాట ఎర్ర ఇంకుతో రాసుకోండి: పొటాషియం క్లోరైడ్‌ని ఎప్పుడూ, ఎవరికీ, సిరంజిలో తీసి నేరుగా నరంలోకి ఇవ్వకూడదు, గుండె ఆగిపోతుంది. పలచన చేసి, పంపు మీద, నెమ్మదిగానే. చేతి నరం ద్వారా అయితే మామూలుగా గంటకి 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటనివ్వరు. మొదలుపెట్టే ముందు పేషెంట్‌కి మూత్రం సరిగా వస్తోందో లేదో చూడండి, కిడ్నీ బయటికి పంపలేకపోతే మనం ఎక్కించిందంతా లోపలే పేరుకుపోతుంది.

ఇదే దారం పట్టుకుని డిగాక్సిన్ అనే గుండె మందు దగ్గరికి రండి. పొటాషియం తగ్గిన ఒంట్లో డిగాక్సిన్ మామూలు మోతాదులో కూడా విషంలా పనిచేయవచ్చు. ఫ్యూరోసెమైడ్, డిగాక్సిన్ రెండూ వాడే పేషెంట్ "ఆకలి లేదు, వికారంగా ఉంది, లైట్ల చుట్టూ పసుపు పచ్చగా వలయాలు కనిపిస్తున్నాయి" అంటే పరీక్షలో అడుగుతున్నది ఈ గొలుసు గురించే. డిగాక్సిన్ ఇచ్చే ముందు స్టెతస్కోప్‌తో గుండె దగ్గర నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి, పెద్దవాళ్లలో 60 కంటే తక్కువ ఉంటే మందు ఆపి డాక్టర్‌కి చెప్పాలి. అర నిమిషం లెక్కపెట్టి రెండుతో గుణించడం ఇక్కడ కుదరదు.

వైటల్స్‌ని విడివిడిగా చూడకండి

పల్స్ 60 నుంచి 100, శ్వాస నిమిషానికి 12 నుంచి 20, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 95 ఆపైన, ఇవి మీకు ఎలాగూ వచ్చు. రానిది వాటిని కలిపి చదవడం. ఆపరేషన్ అయిన పేషెంట్‌కి లోపల రక్తం పోతుంటే ముందు పల్స్ పెరుగుతుంది, మనిషి కుదురుగా ఉండడు, ఒళ్లు చల్లబడి చెమట పడుతుంది, మూత్రం గంటకి 30 మిల్లీలీటర్ల కంటే తగ్గుతుంది, బీపీ పడేది ఆ తర్వాతే. అంటే బీపీ బాగానే ఉంది కదా అని ఊరుకున్న నర్సు అప్పటికే ఆలస్యం చేసినట్టు.

తలకి దెబ్బ తగిలి మెదడులో ఒత్తిడి పెరిగినప్పుడు సరిగ్గా దీనికి ఎదురు: పై బీపీ పెరుగుతుంది, పైదానికీ కిందదానికీ మధ్య తేడా పెరుగుతుంది, పల్స్ నెమ్మదిస్తుంది, శ్వాస క్రమం తప్పుతుంది. దీన్ని కుషింగ్ ట్రయాడ్ అంటారు. అయితే ఇది బాగా ముదిరాక కనిపించే గుర్తు, అన్నిటికంటే ముందు మారేది స్పృహ. గ్లాస్గో కోమా స్కేల్‌లో కళ్లకి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15, తక్కువలో తక్కువ 3. ఎనిమిదికి దిగితే ఊపిరి దారిని పేషెంట్ తనంతట తాను కాపాడుకోలేకపోవచ్చు. మొత్తం ఎంత అన్నదానికంటే గంట క్రితం ఎంత ఉండేది అన్నది ముఖ్యం, 14 నుంచి 12కి పడినా కబురు చేయాల్సిందే. ఈ పేషెంట్‌కి తల వైపు 30 డిగ్రీలు ఎత్తి, మెడ పక్కకి వాలకుండా నిటారుగా ఉంచండి.

ఏబీజీ అంటే భయపడేవాళ్లకి

ఏబీజీ అంటే ధమని రక్తంలో వాయువులు, ఆమ్లత చూసే పరీక్ష. మూడు నంబర్లు చాలు. పీహెచ్ 7.35 నుంచి 7.45, కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45, బైకార్బొనేట్ 22 నుంచి 26. పీహెచ్, కార్బన్ డయాక్సైడ్ ఎదురెదురు దిక్కులకి వెళ్తే సమస్య ఊపిరితిత్తుల్లో, పీహెచ్, బైకార్బొనేట్ ఒకే దిక్కుకి వెళ్తే మెటబాలిక్. ఉదాహరణకి పీహెచ్ 7.30, కార్బన్ డయాక్సైడ్ 52, బైకార్బొనేట్ 25. ఒకటి కిందికి, ఇంకోటి పైకి, కాబట్టి రెస్పిరేటరీ అసిడోసిస్ (ఊపిరి సరిగా ఆడక రక్తంలో ఆమ్లం పెరగడం). ఇక్కడితో ఆగకండి. పని ఏంటి? తల వైపు ఎత్తడం, గొంతులో కఫం ఉంటే సక్షన్ చేయడం, శ్వాస ఎంత ఉందో లెక్కపెట్టడం, ఈ మధ్యే మార్ఫిన్ లాంటిది ఇచ్చారేమో కేస్ షీట్ చూడటం. ఇచ్చి ఉంటే దాని విరుగుడు నాలోక్సోన్ గుర్తుకు రావాలి.

లెక్కలు

ఇవి ఊరికే వచ్చే మార్కులు, దయచేసి వదులుకోకండి. ఆర్డర్ చేసిన మోతాదుని చేతిలో ఉన్న మోతాదుతో భాగించి, అది ఎన్ని మిల్లీలీటర్లలో ఉందో దానితో గుణించాలి. హెపారిన్ 4000 యూనిట్లు ఇవ్వాలి, వయల్ మీద మిల్లీలీటర్‌కి 5000 అని ఉంది, అంటే 0.8 మిల్లీలీటర్. డ్రిప్ అయితే మొత్తం మిల్లీలీటర్లని డ్రాప్ ఫ్యాక్టర్‌తో (ఒక మిల్లీలీటర్‌కి ఎన్ని చుక్కలో ఆ అంకెతో) గుణించి నిమిషాలతో భాగించాలి: 1000 మిల్లీలీటర్లు 8 గంటల్లో, ఫ్యాక్టర్ 15, కాబట్టి 15000ని 480తో భాగిస్తే నిమిషానికి సుమారు 31 చుక్కలు. మైక్రో డ్రిప్ సెట్‌లో ఫ్యాక్టర్ 60 కాబట్టి గంటకి ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్నే చుక్కలు.

జవాబు వచ్చాక ఒక్క క్షణం ఆగి, ఇది నమ్మేలా ఉందా అని చూసుకోండి. ఒక ఇంజెక్షన్‌కి 8 మిల్లీలీటర్లు అని వస్తే ఎక్కడో దశాంశం జరిగినట్టే. రాసేటప్పుడు కూడా 0.5 అని సున్నా పెట్టి రాయండి, 5 అయితే వెనక పాయింట్ సున్నా రాయకండి, ఎందుకంటే ఆ చుక్క ఎవరికైనా కనిపించకపోతే మోతాదు పది రెట్లు అవుతుంది.

మందులు, రక్తం

మందులన్నీ చదవడం ఎవరివల్లా కాదు. ప్రమాదం ఎక్కువ ఉన్నవి ముందు పట్టుకోండి: ఇన్సులిన్, హెపారిన్, వార్ఫరిన్, మెగ్నీషియం సల్ఫేట్, మార్ఫిన్ జాతివి, పొటాషియం. ఒక్కోదానికి విరుగుడు జత చేసి చదవండి. హెపారిన్‌కి ప్రోటమిన్ సల్ఫేట్, వార్ఫరిన్‌కి విటమిన్ కే, పారాసెటమాల్ ఎక్కువైతే ఎన్-ఎసిటైల్‌సిస్టీన్, ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు విషానికి అట్రోపిన్‌తో పాటు ప్రాలిడాక్సిమ్. మెగ్నీషియం ఇస్తున్న గర్భిణికి మోకాలి రిఫ్లెక్స్, శ్వాస, మూత్రం, ఈ మూడూ చూస్తూనే ఉండాలి. ముందు పోయేది రిఫ్లెక్స్, ఆ తర్వాత శ్వాస. దీని విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ మంచం పక్కనే సిద్ధంగా ఉండాలి.

షుగర్ 70 కంటే పడి పేషెంట్ స్పృహలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల చక్కెర ఉన్న తీపి పదార్థం ఇచ్చి 15 నిమిషాలకి మళ్లీ చూడండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు.

రక్తం ఎక్కించే ముందు ఇద్దరు నర్సులు పేషెంట్ పక్కనే నిలబడి పేరు, నంబర్, గ్రూప్ సరిచూడాలి. లైన్‌లో నార్మల్ సెలైన్ తప్ప ఇంకేదీ కలవకూడదు, డెక్స్‌ట్రోజ్ కలిస్తే రక్తకణాలు చితికిపోతాయి. మొదటి 15 నిమిషాలు పేషెంట్‌ని వదిలి వెళ్లకండి, బ్యాగ్ 4 గంటల్లో అయిపోవాలి. చలి, జ్వరం, నడుం నొప్పి, ఆయాసం, ఏది మొదలైనా మొదటి పని రక్తం ఆపడం. తర్వాత కొత్త సెట్‌తో సెలైన్ పెట్టి లైన్ నిలుపుకోవాలి, పాత ట్యూబ్‌లోని రక్తం మళ్లీ లోపలికి పోకూడదు కదా. వైటల్స్ చూసి, డాక్టర్‌కి చెప్పి, బ్యాగ్‌ని పారేయకుండా బ్లడ్ బ్యాంక్‌కి పంపాలి. ఈ వరుస నిద్రలో లేపి అడిగినా రావాలి.

"ముందు ఎవరిని చూస్తారు?"

నలుగురు పేషెంట్లనిచ్చి అడిగే ఈ ప్రశ్నలోనే తెలివైన పిల్లలు కూడా పొరపాటు పడతారు, ఎక్కువ బాధపడుతున్నవాళ్ల దగ్గరికి పరిగెత్తాలనిపిస్తుంది. ఒకరికి ఆపరేషన్ నొప్పి 10కి 6. ఇంకొకరికి షుగర్ 180. మూడో మనిషికి సీవోపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు), శాచురేషన్ 90. నాలుగో ఆవిడకి 4 గంటల క్రితం థైరాయిడ్ తీశారు, ఊపిరి పీల్చేటప్పుడు గొంతులో శబ్దం వస్తోంది. సీవోపీడీ వాళ్లకి 88 నుంచి 92 మధ్య ఉంచడమే లక్ష్యం కాబట్టి 90 చూసి కంగారు పడక్కర్లేదు. వెళ్లాల్సింది థైరాయిడ్ ఆవిడ దగ్గరికి, ఆ శబ్దం ఊపిరి దారి మూసుకుపోతోందనడానికి గుర్తు. ట్రేకియాస్టమీ సెట్ (గొంతు దగ్గర రంధ్రం చేసి ఊపిరి దారి ఏర్పరచే సామాను) ఆమె మంచం దగ్గర ఎందుకు పెడతారో ఇప్పుడు అర్థమైంది కదా. మర్నాడు అదే ఆవిడ మూతి చుట్టూ తిమ్మిరి అంటే కాల్షియం పడిపోతోందని అనుమానించాలి.

ఎయిర్‌వే, బ్రీదింగ్, సర్క్యులేషన్, ఈ వరుస అందరికీ తెలుసు. దానికి ఇంకోటి కలపండి: ఊహించగలిగిన లక్షణం కంటే ఊహించనిది ముందు, పాత సమస్య కంటే ఇప్పుడే మొదలైనది ముందు. ఇక "డాక్టర్‌కి తెలియజేయాలి" అన్న ఆప్షన్ చూడగానే టిక్ పెట్టకండి. దానికి ముందు నర్సు చేయగలిగిన పని ఏదైనా మిగిలిందా అని వెతకండి. ఛాతీ ట్యూబ్ బాటిల్ నుంచి ఊడిపోతే ట్యూబ్ చివరని స్టెరైల్ నీళ్లలో ముంచడం ముందు, ఫోన్ తర్వాత.

కాన్పు వార్డులో కూడా ఇదే పద్ధతి. కాన్పు తర్వాత రక్తం ఎక్కువ పోతూ గర్భసంచి మెత్తగా తగిలితే అక్కడికక్కడే మసాజ్ మొదలుపెట్టాలి, అది ఒక పక్కకి జరిగి ఉంటే మూత్రాశయం నిండి ఉందేమో చూడాలి. బొడ్డుతాడు జారి బయటికి వస్తే గ్లవ్ వేసుకున్న చేత్తో బిడ్డ తల తాడు మీద నొక్కకుండా పైకి ఎత్తి పట్టుకుని, తల్లిని మోకాళ్లూ ఛాతీ ఆనేలా బోర్లా తిప్పి, చెయ్యి తీయకుండానే మనుషుల్ని పిలవాలి. పిల్లల విషయంలో ఒక్క హెచ్చరిక: ఎగశ్వాసతో ఉన్న బిడ్డ శ్వాస ఉన్నట్టుండి నెమ్మదించి, ఏడుపు ఆపి మత్తుగా పడుకుంటే తగ్గిందని సంతోషించకండి, అలిసిపోయి ఊపిరి ఆగే ముందు కూడా అలాగే ఉంటుంది.

మిగిలిన రోజుల్లో ఎలా చదవాలి

ఒక నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయండి: విలువ లేదా లక్షణం, ఎందుకు అలా అవుతుంది, నేను మొదట చేసే పని. రోజుకి ఆరేడు వరుసలు నింపితే చాలు. ప్రొసీజర్లని మాత్రం చదవకండి, ఖాళీ చేతులతో గాల్లో చేస్తూ పైకి మాట్లాడండి, సక్షన్ అయితే "ముందు ఆక్సిజన్ ఇస్తున్నాను, లోపలికి తోసేటప్పుడు సక్షన్ పెట్టను, బయటికి తీసేటప్పుడే, 10 నుంచి 15 సెకన్లు దాటను" అని. నోటితో చెప్పిన మెట్టు వైవాలో నోటికి వస్తుంది. తప్పు చేసిన ప్రశ్నలకి వేరే పేజీ పెట్టుకోండి, చివరి రెండు రోజులు ఆ పేజీ, లెక్కలు, అంతే. ల్యాబ్ విలువలు పుస్తకానికీ పుస్తకానికీ కాస్త మారతాయి, మీ సిలబస్ పుస్తకంలో ఉన్నవే రాయండి, రెండు రకాలూ చదివి టెన్షన్ పడకండి. రాత్రంతా మేలుకోవడం కూడా వద్దు, నిద్ర లేని తలకి దశాంశాలు కనిపించవు.

వైవాలో తెలియని ప్రశ్న వస్తే నాలా మౌనంగా నిలబడకండి. "ముందు పేషెంట్ ఊపిరి, పల్స్, స్పృహ చూస్తానండి" అని మొదలుపెట్టండి. నిజంగా వార్డులోనైనా మొదట చేయాల్సింది అదే, పైగా చాలాసార్లు ఆ మాట అంటుండగానే తర్వాతి మెట్టు గుర్తొస్తుంది.