జూల్స్ వెర్న్‌ని పెన్సిల్ పట్టుకుని చదవండి

పాత సైన్స్ ఫిక్షన్ మాట వస్తే చాలామంది "అప్పుడే ఎంత బాగా ఊహించాడో చూడండి" అంటారు. చంద్రుడి ప్రయాణానికి ఫ్లోరిడా నుంచి బయల్దేరడం, లోపల ముగ్గురు మనుషులు, చివరికి పసిఫిక్ సముద్రంలో పడటం. ఫ్రెంచ్ రచయిత జూల్స్ వెర్న్ రాసినవి మనుషుల్ని చంద్రుడి మీదికి తీసుకెళ్లిన అపోలో ప్రయాణాలతో కలిసిన మాట నిజమే. కానీ ఆ పోలికలు విని ఊరుకుంటే పుస్తకంలో ఉన్న సంపద మన చేతికి రాదు. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పేదాన్ని కాబట్టి నా పద్ధతి కొంచెం వేరు. పుస్తకం పక్కన రఫ్ నోట్‌బుక్, పెన్సిల్, కాలిక్యులేటర్ పెట్టుకుని చదువుతాను, పిల్లలతోనూ అలాగే చదివిస్తాను. వెర్న్ ధైర్యంగా అంకెలు ఇచ్చాడు. అంకెలు ఇచ్చాడంటే సరిచూసుకోమని మనకి చెప్పినట్టే.

ముందు పుస్తకాలు. 1865లో వచ్చిన 'భూమి నుంచి చంద్రుడికి', దాని తరువాయి భాగం 'చంద్రుడి చుట్టూ'. రెండింటికీ పాత ఇంగ్లిష్ అనువాదాలు పాత పుస్తకాల వెబ్‌సైట్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక జాగ్రత్త: పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ అనువాదాల్లో కోతలూ, అంకెల తప్పులూ ఉన్నాయి. మీ లెక్క మరీ వింతగా వస్తే వెర్న్‌ని తప్పుపట్టే ముందు ఇంకో అనువాదం కూడా చూడండి.

కథ బాల్టిమోర్‌లో మొదలవుతుంది. అమెరికా అంతర్యుద్ధం ముగిసి, ఫిరంగులు తయారుచేసేవాళ్ల క్లబ్‌కి పని లేకుండా పోతుంది. చంద్రుడి మీదికి గుండు పేల్చాలని ఆ క్లబ్ అధ్యక్షుడు బార్బికేన్ ప్రతిపాదిస్తాడు. గుండు ఎలా ఉండాలి, ఫిరంగి ఎంత పొడుగుండాలి, మందుగుండు ఎంత వెయ్యాలి అని వాళ్లు వరసగా చర్చించే అధ్యాయాలు కొందరికి బోరు కొడతాయి. దయచేసి అవి మాత్రం దాటెయ్యకండి, మన నోట్‌బుక్ నిండేది అక్కడే.

దొరికిన ప్రతి అంకెనీ ఒక పేజీలో రాసుకోండి. ఫిరంగి పొడవు 900 అడుగులు. గుండు వేగం సెకనుకి 12,000 గజాలు. అల్యూమినియం గుండు బరువు 19,250 పౌన్లు. ప్రయాణ సమయం 97 గంటల 13 నిమిషాల 20 సెకన్లు. తర్వాత వీటిని మనకి అలవాటైన కొలతల్లోకి మార్చండి. 12,000 గజాలంటే 10,973 మీటర్లు, అంటే సెకనుకి దాదాపు 11 కిలోమీటర్లు. భూమి ఆకర్షణ నుంచి తప్పించుకోవడానికి కావలసిన వేగం సెకనుకి 11.2 కిలోమీటర్లని మన పాఠ్యపుస్తకంలోనే ఉంది. నవలలో ఇంత దగ్గరి అంకె చూసి పిల్లలు మొదట నమ్మరు. ఇందులో మాయ ఏమీ లేదు, న్యూటన్ సూత్రాలు అప్పటికే అందరికీ అందుబాటులో ఉన్నాయి. వాటిని పట్టుకుని కథ రాయాలన్న ఆలోచనే కొత్తది.

ఇప్పుడు అసలు లెక్క. గుండు సున్నా వేగం నుంచి 10,973 మీటర్ల వేగం అందుకోవాల్సింది ఆ 900 అడుగుల గొట్టంలోనే, అంటే 274 మీటర్లలో. v² = 2as వెయ్యండి (v వేగం, a త్వరణం అంటే వేగం పెరిగే రేటు, s దూరం). త్వరణం సెకనుకి సెకనుకి దాదాపు 2,20,000 మీటర్లు వస్తుంది. దాన్ని 9.8తో భాగిస్తే భూమ్యాకర్షణకి 22,000 రెట్లకి పైనే. 60 కిలోల మనిషి ఆ క్షణంలో 1,300 టన్నులకి పైగా తూగుతాడు. గొట్టంలో ఉండేది సెకనులో ఇరవయ్యో వంతు మాత్రమే అయినా, ఆ దెబ్బకి మనిషి మిగలడు. కుదుపు తగలకుండా వెర్న్ గుండు అడుగున నీళ్లు పోయించాడు. అవి ఎందుకు చాలవో 22,000 రెట్లు, 1,300 టన్నులు అన్న ఆ రెండు అంకెలే చెబుతాయి.

ఈ లెక్క దగ్గర నేను కాసేపు ఆగుతాను. ట్రాన్సిల్వేనియాలో హెర్మన్ ఒబెర్త్ అనే కుర్రాడు ఇవే పుస్తకాలు పిచ్చిగా చదివి ఇలాంటి లెక్కలే వేశాడు. ఫిరంగితో పని జరగదని తేల్చుకుని రాకెట్ వైపు తిరిగాడు. 1923లో గ్రహాలకి వెళ్లే రాకెట్ గురించి పుస్తకం రాశాడు. రష్యాలో రాకెట్ శాస్త్రవేత్త సియోల్కోవ్‌స్కీకి కూడా వెర్నే ప్రేరణ, రాకెట్‌కి ఎంత వేగం వస్తుందో చెప్పే ఆయన సమీకరణం 1903లో అచ్చయింది. వేగమంతా ఒక్క దెబ్బతో ఇవ్వకుండా నిమిషాల తరబడి కొద్దికొద్దిగా ఇస్తే మనిషి బతుకుతాడు. అపోలో 11ని మోసిన సాటర్న్ 5 రాకెట్‌లో వ్యోమగాములు భరించింది భూమ్యాకర్షణకి నాలుగు రెట్లు మాత్రమే. వెర్న్ చేసిన తప్పు ఇంతమందిని పనిలోకి దింపింది. ఆయన వారసత్వం అంటే నా దృష్టిలో ఇదే, అందుకే పిల్లలతో ఆ తప్పుని ప్రేమగా వెతికిస్తాను.

రెండో పుస్తకంలో ఒక కుక్క ఉంటుంది, పేరు శాటిలైట్. బయల్దేరేటప్పుడు తగిలిన దెబ్బకి అది చచ్చిపోతే కళేబరాన్ని కిటికీలోంచి బయటికి వదిలేస్తారు. తర్వాత చూస్తే అది కింద పడిపోకుండా గుండు పక్కనే వస్తూ ఉంటుంది. అద్భుతంగా సరైన ఊహ! కానీ లోపలున్న మనుషులు మాత్రం నేల మీదే నడుస్తుంటారు. భూమి, చంద్రుడి ఆకర్షణలు సమానమయ్యే చోట మాత్రమే గాల్లో తేలుతారు. కుక్కకి వర్తించిన నియమం మనుషులకి ఎందుకు వర్తించదు? ఇక్కడ పుస్తకం మూసి పిల్లల్ని వాదించుకోనివ్వండి, జవాబు మీరు చెప్పకండి. గొట్టం దాటాక అందరూ ఒకేలా పడుతున్నారు కాబట్టి అందరూ తేలాల్సిందే అన్నది వాళ్ల నోటితోనే రావాలి.

ఆ సమానమయ్యే చోటు ఎక్కడో కూడా తేల్చవచ్చు. ఆకర్షణ దూరపు వర్గాన్ని బట్టి తగ్గుతుంది. చంద్రుడి ద్రవ్యరాశి భూమిలో 81వ వంతు, 81కి వర్గమూలం 9, కాబట్టి దారిలో పదింట తొమ్మిది వంతులు దాటాక, అంటే భూమి నుంచి దాదాపు 3,46,000 కిలోమీటర్ల దగ్గర. ఇంత తేలికైన లెక్కకి ఇంత పెద్ద జవాబు రావడం పిల్లలకి భలే నచ్చుతుంది.

ప్రతి పేజీ మార్జిన్‌లో 1865 అని రాసుకోవడం కూడా మంచిది. గుండు అల్యూమినియంతో చేస్తారు, పౌను 9 డాలర్లని వెర్న్ ధర వేశాడు. గుణించి చూస్తే గుండు లోహానికే 1,73,250 డాలర్లవుతుంది. విద్యుత్తుతో అల్యూమినియం చవగ్గా తీసే పద్ధతి 1886లో గాని రాలేదు. ఈ రోజు మన వంటింట్లో ఉన్న లోహం అప్పట్లో ఖరీదైన సరుకని గుర్తుంటేనే బార్బికేన్ ప్రతిపాదన ఎంత సాహసమో తెలుస్తుంది.

ఇదే పద్ధతిని ఇంగ్లిష్ రచయిత హెచ్.జి. వెల్స్ మీద వాడకండి. 1901 నవలలో ఆయన ఆకర్షణని అడ్డుకునే పదార్థాన్ని కల్పించి దానితో మనుషుల్ని చంద్రుడికి పంపాడు. అది వెర్న్‌కి నచ్చలేదు కూడా. వెల్స్ దగ్గర అడగాల్సింది వేరు. అంగారక వాసులు ఇంగ్లండ్ మీద పడే నవల మొదటి అధ్యాయంలోనే ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మేనియా దీవి ప్రజల మీద యూరోపియన్లు చేసిన దారుణాన్ని గుర్తు చేస్తాడు. పెన్సిల్‌తో ఆ పేరా కింద గీత గీయండి చాలు. బెంగాలీ రచయిత్రి రొకేయా రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు నుంచి వచ్చే పత్రికలోనే అచ్చయింది. సూర్యుడి వేడిని పట్టి వాడుకునే ఆడవాళ్ల దేశం కథ, ఒక్క సాయంత్రంలో పూర్తవుతుంది. లెక్కలంటే బెదిరే పిల్లలుంటే దానితోనే మొదలుపెట్టండి.

వెర్న్ రెండు పుస్తకాలూ అయ్యాక ఈ ప్రశ్న ఇచ్చి చూడండి. పేల్చక ముందు ఆ 900 అడుగుల గొట్టం నిండా గాలి ఉంది. గాలిలో ధ్వని సెకనుకి దాదాపు 340 మీటర్లు వెళ్తుంది, గుండు బయటికొచ్చే వేగం 10,973 మీటర్లు. మరి గుండుకి ముందున్న గాలి ఏమవుతుంది?