కాలేజీ నుంచి షోకాజ్ నోటీసు వచ్చిందా? ముందు ఫోన్ పక్కన పెట్టండి

కొన్నేళ్లు నేను ఒక కాలేజీ డిసిప్లినరీ కమిటీలో కూర్చున్నా. బల్లకి అటువైపు నుంచి చూసిన మాట చెప్తున్నా, చాలామంది స్టూడెంట్స్‌ని ముంచేది చేసిన తప్పు కాదు, "నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పు" అనే ఆ నోటీసు చేతికొచ్చాక మొదటి రెండ్రోజుల్లో చేసే పనులు. ఒకడు వాట్సాప్ గ్రూపులో కంప్లైంట్ ఇచ్చినవాళ్లని తిడతాడు, ఇంకొకడు చాట్లన్నీ డిలీట్ కొట్టేస్తాడు, మరొకడు సీనియర్ ఎవరో చెప్పారని చెయ్యని పనికి కూడా క్షమాపణ లెటర్ రాసిచ్చేస్తాడు. ఆ మూడూ చివరికి ఫైల్లోకే వచ్చి కూర్చుంటాయి. కమిటీ చూసేది ఫైలు, మీ మనసు కాదు, ఇదొక్కటి గుర్తుంటే మిగతాది తేలిక.

అసలు లోపల ఏం జరుగుతుందంటే, కంప్లైంట్ రాగానే ఎవరో ఒకరు, హెచ్ఓడీయో వార్డెనో డీనో, ఇందులో పస ఉందా లేదా అని ఒకసారి చూస్తారు. సగం గొడవలు అక్కడే పిలిచి మందలించడంతో అయిపోతాయి. "ఊరికే మాట్లాడదాం, ఒకసారి రా" అని పిలిచేది ఈ దశలోనే, అయితే అది ఊరికే మాట్లాడటం కాదండీ, మీరు బయటికెళ్లగానే ఆయన ఓ అరపేజీ నోట్ రాసి పెట్టుకుంటారు, రేపు కమిటీలో మేం మొట్టమొదట చదివేది ఆ అరపేజీనే. కాబట్టి అబద్ధం మాత్రం వద్దు, గుర్తులేనిది గుర్తులేదనండి, కంగారుగా ఉంటే "సార్, రాసి ఇస్తాను, రేపటిదాకా టైమ్ ఇవ్వండి" అని అడగండి, దానికి కోప్పడేవాళ్లు తక్కువ.

నోటీసు వచ్చాక దాన్ని కనీసం మూడుసార్లు చదవండి, పెన్ను పట్టుకుని చదవండి. ఏ రోజు, ఎక్కడ, ఏం చేశారని అంటున్నారు, రూల్ బుక్కులో ఎన్నో రూలు, జవాబు ఎప్పటిలోగా ఇవ్వాలి, వినేది ఎవరు, రుజువైతే ఎంతవరకు శిక్ష పడొచ్చు. ఇవన్నీ అందులో కనపడాలి. "మీ ప్రవర్తన కళాశాల క్రమశిక్షణకు విరుద్ధముగా ఉన్నది" అని ఒక్క ముక్క రాసి పంపితే, దానికి జవాబు రాయడానికి కూర్చోకండి, ముందు వివరాలు కావాలని మర్యాదగా ఓ లెటర్ పెట్టండి. పెడితే ఎదురుతిరిగినట్టు అనుకుంటారేమోనని పిల్లలు భయపడతారు గానీ, నిజానికి కమిటీలో కాస్త తెలిసినవాళ్లుంటే ఆ లెటర్ చూసి వీడు పద్ధతిగా ఉన్నాడనుకుంటారు.

ఆరోపణ చెప్పి, మీ మాట విన్నాకే శిక్ష వెయ్యాలనే రూలు నిన్నా మొన్నటిది కాదు. రిచర్డ్ బెంట్లీ అనే పండితుడి డిగ్రీలని కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ 1718లో ఆయన మాట వినకుండానే పీకేస్తే, 1723లో ఇంగ్లండ్ కోర్టు తిరిగి ఇవ్వమంది, పైగా అందులో ఒక జడ్జి, ఏదెను తోటలో ఆదాముని కూడా దేవుడు నువ్వేం చెప్పుకుంటావని అడిగాకే శిక్ష వేశాడు కదా అన్నాడు. అమెరికాలో అలబామా స్టేట్ కాలేజీ నిరసన చేసిన నల్లజాతి స్టూడెంట్స్‌ని 1960లో హియరింగే లేకుండా తీసేస్తే, సర్కారు కాలేజీ అలా చెయ్యకూడదని 1961లో అప్పీల్ కోర్టు చెప్పింది. మన సుప్రీంకోర్టు కూడా 1962లో, పరీక్షలో కాపీ కొట్టారని రిజల్ట్ రద్దు చేసేముందు వాళ్ల వాదన వినాల్సిందే అంది. ప్రైవేటు కాలేజీ అయితే మీ చేతిలో ఉండే బలం ఎక్కువగా ఆ కాలేజీ సొంత హ్యాండ్‌బుక్కే, వాళ్లు రాసుకున్న పద్ధతి వాళ్లు పాటించాలి కదా, అందుకే అడ్మిషన్ రోజు పక్కన పడేసిన ఆ పుస్తకాన్ని ఇప్పుడైనా వెతికి పట్టుకోండి. మీరు చేరిన ఏడాదిది ఒకటి, ఈ ఏడాదిది ఒకటి, రెండూ చూడండి, రూల్స్ మారి ఉండొచ్చు.

నోటీసుతోపాటే సస్పెన్షన్ ఆర్డర్ కూడా వస్తే గుండె ఆగినంత పనవుతుంది. ఎంక్వైరీ అయ్యేదాకా ఆపి ఉంచడం వేరు, శిక్షగా సస్పెండ్ చెయ్యడం వేరు. మొదటిది మీరు అక్కడుంటే ఇంకొకరికి ప్రమాదమనో సాక్షుల్ని బెదిరిస్తారనో అనుకున్నప్పుడు వాడాల్సింది. ఇది వస్తే వెంటనే రాసి అడగాల్సినవి, ఎప్పటిదాకా, ఇంటర్నల్స్ సంగతేంటి, అటెండెన్స్ ఎలా లెక్కేస్తారు, హాస్టల్లో ఉండొచ్చా.

ఇక రుజువులు. అన్నిటికంటే తొందరగా మాయమయ్యేది సీసీటీవీ ఫుటేజ్, రికార్డర్ నిండగానే పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. మా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడు, హాస్టల్ కొట్లాటలో పేరు ఇరికింది, ఆ రోజే "ఫలానా కారిడార్, రాత్రి ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు ఫుటేజ్ దయచేసి భద్రపరచండి" అని వార్డెన్‌కి మెయిల్ పెట్టాడు. రెండు వారాల తర్వాత అందులో చూస్తే వాడు విడదీయడానికి వెళ్లాడు తప్ప ఒక్క దెబ్బ వెయ్యలేదు. అదే కేసులో ఇంకో అబ్బాయి కూడా అదే చెప్పాడు, తను నిలబడింది మెట్ల దగ్గర, ఆ కెమెరాది ఎవరూ అడగలేదు, చెరిగిపోయింది. వాడు చెప్పింది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలీదు.

చాట్లు డిలీట్ చెయ్యొద్దు, అవతలివాళ్ల ఫోన్లో ఎలాగూ ఉంటాయి, మీ దగ్గర లేకపోతే దాచారనే అనుకుంటారు. స్క్రీన్‌షాట్ తీస్తే తేదీ, టైమ్, పైనా కిందా మెసేజ్‌లు కూడా కనపడేలా తియ్యండి. ఏం జరిగిందో ఆ రాత్రే కూర్చుని గంటల వారీగా రాసుకోండి, వారం గడిస్తే మీకే కలగాపులగం అయిపోతుంది. సాక్షులంటే చూసినవాళ్లు, "వాడు చాలా మంచోడు సార్" అనే ఫ్రెండ్స్ పదిమంది వచ్చినా మాకు కాలక్షేపమే. వాళ్లకి ఏం చెప్పాలో నేర్పించకండి, ముగ్గురు అక్షరం పొల్లుపోకుండా ఒకే వాక్యం చెప్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

జవాబు ఒకటి రెండు పేజీలు చాలు. నోటీసులో ఉన్న ఆరోపణల వరసలోనే వెళ్లండి, ఇది నిజం, ఇది కాదు, ఇది నాకు తెలీదు, అంతే. ఇంటి కష్టాలు, ఆరోగ్యం, చదువులో మార్కులు ఇవన్నీ శిక్ష గురించి మాట్లాడేటప్పుడు పనికొస్తాయి, వేరే పేరాలో పెట్టండి, మధ్యమధ్యలో కలిపితే అసలు విషయం దాటేస్తున్నట్టు ఉంటుంది. తప్పు చేసి ఉంటే చేసినంతవరకు ఒప్పుకుని క్షమాపణ అడగండి, అది నిజంగా పనిచేస్తుంది. "ఎవరైనా బాధపడి ఉంటే సారీ" లాంటివి రాయకండి, మాకు చిరాకు పుట్టించేది అదే.

కాపీ, ప్లేజియరిజం (ఇంకొకరు రాసింది మనదిగా చూపించడం) కేసులు వేరే రకం. పేపర్లని పోల్చి చూసే టర్నిటిన్ అనే సాఫ్ట్‌వేర్ చూపించే శాతం మీ పేపర్లో ఎంత భాగం ఇంకెక్కడో ఉన్నదానితో కలుస్తోందో చెప్తుంది, దొంగతనమా కాదా అని చెప్పదు, కోట్ చేసినవి, రిఫరెన్సులు కూడా అందులో పడతాయి, కాబట్టి రిపోర్ట్ మొత్తం చూపించమని అడగండి. ఏఐతో రాయించారని అంటే ఇంకా జాగ్రత్త. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ వాళ్లే ఏఐ రాసిందో మనిషి రాసిందో చెప్పే ఒక డిటెక్టర్ వదిలి, ఏఐ రాసినదాంట్లో 26 శాతమే సరిగ్గా పట్టుకుందని, మనుషులు రాసినదాంట్లో 9 శాతాన్ని ఏఐ అనేసిందని వాళ్లే చెప్పి, 2023 జులైలో దాన్ని ఆపేశారు. మీ డ్రాఫ్ట్‌లు, ఫైల్ వెర్షన్ హిస్టరీ, చేత్తో రాసుకున్న నోట్స్ పట్టుకెళ్లండి, ఆ టాపిక్ మీద అక్కడికక్కడే ప్రశ్నలు అడగమనండి. నిజంగా రాసినవాడు పది నిమిషాల్లో తెలిసిపోతాడు, రాయనివాడు ఐదు నిమిషాల్లోనే.

హియరింగ్‌కి తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చా అని ముందే అడగండి, ఒప్పుకున్నా చాలాచోట్ల పక్కన కూర్చోనిస్తారు గానీ మాట్లాడనివ్వరు. కమిటీలో కూర్చున్న ఆయనే కంప్లైంట్ ఇచ్చిన ఆయన కూడా అయితే మార్చమని రాతపూర్వకంగా అడగాలి, అదీ హియరింగ్‌కి ముందే, శిక్ష పడ్డాక అంటే ఇన్నాళ్లూ ఏం చేశావంటారు. సినిమా కోర్టులాగా అవతలివాళ్లని నిలబెట్టి అడుగుదామనుకోకండి. రాంచీ మెడికల్ కాలేజీలో అమ్మాయిల హాస్టల్లోకి చొరబడ్డారన్న కేసులో ఆ అమ్మాయిల వాంగ్మూలాలు అబ్బాయిల ఎదుట తీసుకోకపోయినా తప్పు లేదని 1973లో సుప్రీంకోర్టు చెప్పింది, భయపెట్టే పరిస్థితి ఉంటే అలా చెయ్యొచ్చంది. మీ ప్రశ్నలు రాసిచ్చి చైర్మన్ ద్వారా అడిగించండి. "ప్రూఫ్ ఏదీ?" అని ధీమాగా కూర్చున్నా లాభం లేదు, క్రిమినల్ కోర్టులో కావాల్సినంత రుజువు ఇక్కడ అక్కర్లేదు, జరిగుండటానికే మొగ్గు ఎక్కువుంటే సాధారణంగా సరిపోతుంది.

విషయం పోలీసులదాకా వెళ్లి ఉంటే మాత్రం ఒక్క లైను రాసేముందు లాయర్‌ని కలవండి. కాలేజీ ఎంక్వైరీ, కోర్టు కేసు రెండూ వేర్వేరు దారులు, ఒకదాని కోసం ఇంకోటి ఆగాలని లేదు, ఇక్కడ రాసిచ్చింది అక్కడ బయటికి రావొచ్చు.

కంప్లైంట్ ఇచ్చింది మీరే అయితే ఎంక్వైరీ నడుస్తుండగా అవతలివాళ్లు మీకు ఫోన్, మెసేజ్ చెయ్యకుండా ఆర్డర్ ఇవ్వమని అడగొచ్చు, కంప్లైంట్ ఇచ్చారని బెదిరిస్తే దాన్ని వేరే తప్పుగా మళ్లీ రాసివ్వండి, పాతదాంట్లో కలపొద్దు.

ఆర్డర్ వచ్చాక, వార్నింగైనా ఫైనైనా హాస్టల్ నుంచి పంపడమైనా కాలేజీ నుంచే కొంతకాలం పంపేసే రస్టికేషనైనా, కారణాలతో సహా కాగితం మీద తీసుకోండి. అప్పీల్‌కి టైమ్ చాలా తక్కువ ఇస్తారు, ఆ తేదీ ముందు చూసుకోండి. "అన్యాయం జరిగింది" అంటే ఎవరూ కదలరు, పద్ధతి తప్పారని, అప్పట్లో దొరకని కొత్త రుజువు దొరికిందని, ఇదే తప్పుకి వేరేవాళ్లకి వార్నింగిచ్చి నాకు ఏడాది పోగొట్టారని, ఇలా ఒకటో రెండో పాయింట్లు పట్టుకోండి. అప్పీల్ తేలేదాకా శిక్ష ఆపమని విడిగా అడగాలి, అడగకపోతే దానంతటది ఆగదు. చిన్న వార్నింగే కదా అని వదిలేసినా సరే, అది రికార్డులో ఎన్నాళ్లుంటుంది, ట్రాన్స్‌క్రిప్ట్ మీదో కాండక్ట్ సర్టిఫికెట్ మీదో పడుతుందా అనేది ఆఫీసులో నోటితో కాకుండా మెయిల్‌లో అడిగి, వచ్చిన జవాబు కోర్సు అయ్యేదాకా దాచుకోండి, మళ్లీ అడగడానికి వెళ్లేసరికి ఆ సీట్లో వేరే క్లర్క్ ఉంటాడు.