క్రిస్మస్‌కి పాత కాలి హార్మోనియం విప్పుతున్నారా?

విశాఖలో వానలు తగ్గాయి, క్వయర్ ప్రాక్టీసులు మొదలవుతున్నాయి. మూలనున్న పెట్టె విప్పేముందు కొన్ని జాగ్రత్తలు:

– రీడు (గాలికి కంపించి స్వరం పలికే సన్నటి ఇత్తడి రేకు) గీకకండి. కొస దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. పోయిన ఇత్తడి మాత్రం తిరిగి రాదు. పాత పెట్టెల శ్రుతి ఇప్పటి ప్రామాణికమైన 440 హెర్ట్జ్‌కి కలవకపోవచ్చు, ఫోన్‌లో ట్యూనర్ యాప్ చూసి టెన్షన్ పడొద్దు.

– ముందు బెల్లోస్ (గాలి తిత్తి) చూడండి. గాలి లీకైతే మంచి రీడు కూడా సరిగా పలకదు. సగం సార్లు జబ్బు ఇక్కడే.

– తోలు అతకడానికి ఫెవికాల్ వద్దు. మళ్లీ విప్పాల్సి వస్తే చెక్క లేచిపోతుంది. వేడినీటికి వదిలే జంతు జిగురు వాడండి.

– రీడ్లకి నూనె వద్దు, దుమ్ము పట్టేస్తుంది. మన ఉప్పుగాలికి నూనె రాయాలనిపిస్తుంది, నిజమే.

– తీసిన వరసలో రీడ్లకి నంబర్లు వేయండి. బద్ధకించి నేనో ఆదివారం పోగొట్టుకున్నాను.