నీటిరంగులతో మొదటి అడుగులు - 4: కడప ఎండలో వాష్

పోయిన పాఠంలో అల్ట్రామరీన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమ), యెల్లో ఓకర్ (మట్టి పసుపు) కలిపి చూశాం. ఈసారి ఆ రంగులతోనే గండికోట లోయ వేద్దాం. ముందు ఆకాశం.

మీరు చూసి నేర్చుకుంటున్న పుస్తకం చల్లని, తేమ ఎక్కువుండే దేశంలో రాసిందైతే, వాష్ (నీళ్లు బాగా కలిపిన రంగును కాగితం మీద పలచగా పరిచే పూత) ఆరడానికి అది చెప్పే సమయాన్ని నమ్మకండి. ఏప్రిల్ మధ్యాహ్నం ప్రొద్దుటూరులో మిద్దె మీద కూర్చుని వేస్తే, రెండో వరుస లాగేలోపే మొదటిది ఆరిపోయి చారలు పడతాయి. అది మీ చేతి తప్పు కాదు. గడియారం వదిలేసి కాగితం మెరుపు చూడండి. బోర్డును పక్కకు వంచి చూస్తే తెలుస్తుంది. నిగనిగలాడుతుంటే రంగు పారుతుంది. మెరుపు పోయి చెమ్మ మాత్రమే ఉంటే, బ్రష్ అక్కడికి తీసుకెళ్లొద్దు. ఆ దశలో నీటి చుక్క పడితే రంగును పక్కకు నెట్టి కాలీఫ్లవర్‌లాంటి మరక చేస్తుంది. చాలామంది ఆకాశాలు చెడేది ఇక్కడే. సరిదిద్దబోతే ఇంకా పాడవుతుంది, ఆరనివ్వండి.

పొద్దున్నే, ఫ్యాన్ ఆపి కూర్చోండి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మందపాటి కాగితం తీసుకోండి. కాటన్‌దైతే చెమ్మ ఎక్కువసేపు నిలుస్తుంది, డబ్బు పెట్టాల్సింది దానికే. వెనకవైపు కూడా తడిపి బోర్డు మీద పరవండి. రంగు సరిపోతుందనుకున్నదానికి రెట్టింపు కలుపుకోండి, మధ్యలో మళ్లీ కలిపే టైం దొరకదు. ఆరాక రంగు లేతబడుతుంది కాబట్టి కాస్త చిక్కగానే ఉండాలి. బోర్డు పైఅంచు కింద ఒక పుస్తకం పెట్టి, పెద్ద బ్రష్‌తో అడ్డంగా లాగండి. వరుస అడుగున రంగునీళ్లు అంచు కట్టి నిలుస్తాయి. తర్వాతి వరుస ఆ అంచును తాకుతూ రావాలి. కిందికి వచ్చేకొద్దీ నీళ్లు పెంచితే ఆకాశం కొండ దగ్గర తేలిపోతుంది. ఇంకా తొందరగా ఆరుతుంటే మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ రెండు మూడు చుక్కలు నీళ్లలో వేయండి. ఎక్కువైతే కాగితం జిగటగా ఉండిపోతుంది.

పూర్తిగా ఆరాకే రాళ్ల జోలికి వెళ్లండి. ఎండ పడే వైపు ఓకర్, సియెన్నా. నీడలో సియెన్నాకు బ్లూ కలిపితే చాలు, నలుపు ట్యూబ్ తెరవద్దు. కింద పెన్నా నీళ్లు మెరిసేచోట కాగితాన్ని తెల్లగానే వదిలేయండి.

వచ్చే పాఠానికి ఇదే ఆకాశాన్ని పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి వేసి పక్కపక్కన పెట్టుకోండి. బండల పగుళ్లు, పొడి బ్రష్ పని అప్పుడు చూద్దాం.