చిన్న పెరట్లో పిల్లలతో కలిసి పెంచుకునే ప్రాణులు: ఎలా ఎంచుకోవాలి?

జాతరలోనో, ఆదివారం సంతలోనో అట్టపెట్టె నిండా గులాబీ, ఆకుపచ్చ, నారింజ రంగులద్దిన కోడిపిల్లలు కిచకిచలాడుతుంటాయి. మన పిల్ల చేయి పట్టుకుని లాగుతుంది. మనం జేబులో చేయి పెడతాం. చాలా ఇళ్లలోకి పెంపుడు ప్రాణి వచ్చేది ఇలాగే. అవి ఎక్కువగా గుడ్ల కోళ్ల హేచరీల్లో పనికిరావని తీసేసిన మగపిల్లలు. పుట్టి రెండు మూడు రోజులు కూడా అయి ఉండదు. మొదటి వారం వాటికి దాదాపు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. వరండాలో పెట్టిన చెప్పుల డబ్బాలో అది ఎక్కడి నుంచి వస్తుంది? నాలుగో రోజుకు ఇంట్లో ఏడుపు. మా ఇంట్లోనూ ఒకసారి ఆ ఏడుపు అయింది.

కాబట్టి ఎంపిక సంతలో నిలబడి కాదు, ఇంట్లో కూర్చుని చేయాలి. పదడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు పెరడు, అందులో ఒక కరివేపాకు చెట్టు, బట్టలారేసే తీగ, కొన్ని పూలకుండీలు ఉన్న మామూలు ఇంటిని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

1. ముందు పిల్లల పని రాసుకోండి, తర్వాత ప్రాణి పేరు

"ఏది పెంచుదాం?" అని పిల్లల్ని అడిగితే కుందేలు అంటారు, చిలక అంటారు, ఒక్కోసారి గుర్రం కూడా అంటారు. దాని బదులు "రోజూ పొద్దున్నే బడికి వెళ్లేముందు పది నిమిషాలు ఏం చేయగలవు?" అని అడగండి. నాలుగేళ్ల పిల్ల ఆకుకూర తుంచి వేయగలదు. ఏడేళ్లవాడు నీళ్ల గిన్నె కడిగి నింపగలడు. పదేళ్లు దాటినవాళ్లు పక్కన పెద్దవాళ్లుంటే గూడు ఊడ్చగలరు. ఈ పనులకు ఏ ప్రాణి సరిపోతుందో అదే మీది.

ఇంకో మాట. పిల్లలు చేస్తారు కదా అని పెంచకండి. పరీక్షల్లో, జ్వరాల్లో, అమ్మమ్మ ఊరికి వెళ్లినప్పుడు ఆ పని మీదే. రోజూ ఓ పావుగంట మీరు ఇవ్వలేకపోతే ఆరో అంశానికి నేరుగా వెళ్లిపోండి.

2. వద్దనుకునేవాటిని ముందే కొట్టేయండి

రామచిలుక, మైనా, నక్షత్ర తాబేలు: ఈ మూడూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. ఇంట్లో పెట్టుకోవడమే నేరం. "అందరూ పెంచుతున్నారు కదా", "తాబేలు అదృష్టం" లాంటి మాటలు ఫారెస్టు వాళ్ల దగ్గర పనిచేయవు.

పావురాలు చూడటానికి బాగుంటాయి. కానీ వాటి రెట్ట ఎండి పొడి అయి గాలిలో కలిస్తే ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే అసలు వద్దు. బాతులు నీళ్లు చల్లి వారంలో పెరటిని వరిమడి చేసేస్తాయి.

కుందేలు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పిల్లలు మొదట అడిగేది అదే. కుందేలుకు చెమట పట్టదు. ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల నుంచే పోవాలి. నీడలో 32, 33 డిగ్రీలు దాటితే చాలు, అది ఆయాసపడుతుంది. మే నెలలో రామగుండంలో, రెంటచింతలలో, కర్నూలులో ఎంత ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. పైగా దాని పళ్లు జీవితమంతా పెరుగుతూనే ఉంటాయి, అవి అరగాలంటే రోజంతా ఎండుగడ్డి నమలాలి. కార్టూన్లో చూపించినట్టు ఎప్పుడూ క్యారెట్ పెడితే కడుపు పాడవుతుంది. ఎత్తుకుంటే భయపడి తన్నుకుంటుంది, చేతిలోంచి జారితే నడుము విరుగుతుంది. చూడటానికి పిల్లల బొమ్మలా ఉంటుంది కానీ అది పిల్లల చేతికి తగ్గ ప్రాణి కాదు. ఇంట్లో చల్లని గది ఇవ్వగలిగితే సరే, ఎండ పడే పెరట్లో మాత్రం వద్దు.

ఇవన్నీ కొట్టేశాక మన ఎండకు, మన చోటుకు, పిల్లల పనికి సరిపడేవి నాకు రెండు కనిపించాయి: మూడు కోడిపెట్టలు, లేదా ఒక తొట్టిలో గప్పీ చేపలు.

3. కోళ్లయితే ఏ కోళ్లు, ఎన్ని, ఏ వయసువి

మూడు పెట్టలు చాలు. కోడి గుంపులో బతికే పక్షి, ఒక్కదాన్ని పెంచితే దిగులుపడుతుంది. పుంజు అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, కాకపోతే వాటి నుంచి పిల్లలు రావు. ఈ సంగతి పెద్దవాళ్లలోనే చాలామందికి తెలియదు. తెల్లవారుజామున నాలుగింటికి కూసే పుంజు లేకపోతే పక్కింటివాళ్లతో సంబంధాలు కూడా బాగుంటాయి. ఎందుకైనా మంచిది, కొనేముందు వాళ్లకో మాట చెప్పండి. అపార్ట్‌మెంట్లోనో గేటెడ్ కాలనీలోనో ఉంటే అసోసియేషన్ ఒప్పుకుంటుందో లేదో కనుక్కోండి.

జాతుల విషయానికొస్తే, పెరటి పెంపకం కోసమే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను తయారుచేసింది. గుడ్ల కోసమైతే గ్రామప్రియ మేలు. వనరాజా ఒళ్లు బరువు, గుడ్లు కాస్త తక్కువ, మాంసానికీ పనికొస్తుంది. అచ్చమైన నాటుకోడి గుడ్లు ఇంకా తక్కువ పెడుతుంది కానీ పొదగడంలో, పిల్లల్ని కాపాడుకోవడంలో దాన్ని మించింది లేదు. పందేల అసీల్ జాతి మాత్రం చిన్నపిల్లల ఇంటికి వద్దు. వాటికి రోషం ఎక్కువ.

ఒక రోజు వయసు కోడిపిల్లల్ని కొనకండి. ఎనిమిది, పది వారాల వయసువి తీసుకోండి. అప్పటికి వెచ్చదనం పెట్టే బాధ ఉండదు, పెట్టో పుంజో కూడా తెలిసిపోతుంది. ఏ టీకాలు వేశారో అమ్మేవాళ్లను అడిగి కాగితం మీద రాయించుకోండి. ముఖ్యంగా కొక్కెర తెగులు టీకా. అది పడని కోళ్లుంటే ఒక్క గాలివాటుకు గూడు ఖాళీ అవుతుంది. తర్వాతి డోసు ఎప్పుడో దగ్గర్లోని పశువైద్యశాలలో అడగండి.

4. గూడు ముందు, కోళ్లు తర్వాత

రాత్రి పడుకోవడానికి కోడికి రెండు చదరపు అడుగులు కావాలి. అంటే మూడింటికి మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గూడు సరిపోతుంది. నేల మీద కాకుండా రెండడుగుల ఎత్తులో కాళ్ల మీద నిలబెట్టండి. వాన నీళ్లు రావు, కింద ఊడ్చుకోవచ్చు, పిల్లవాడి చేతికి తలుపు అందుతుంది. లోపల రెండంగుళాల మందం కర్ర ఒకటి అడ్డంగా పెట్టండి, కోళ్లు దాని మీదే నిద్రపోతాయి. ఒక మూల అడుగు పొడవు, అడుగు వెడల్పు పెట్టెలో ఎండుగడ్డి వేస్తే గుడ్లకు అదే చోటు.

జాలీ విషయంలో పిసినారితనం వద్దు. కోళ్లు బయటికి పోకుండా ఆపే పెద్ద కన్నాల జాలీలోంచి ముంగిస, పాము హాయిగా దూరతాయి. అరంగుళం కన్నాల వెల్డ్ మెష్ కొనండి, గడియ కూడా పిల్లి కాలితో తీయలేనిది పెట్టండి. పగలు తిరగడానికి కాస్త చోటు జాలీతో కట్టేస్తే గద్ద, కుక్క బెంగ ఉండదు. మీ మొక్కలూ బతుకుతాయి. కోడి కాళ్లకు కొత్తిమీర మడి ఒక్క పూట పని.

ఆ చోటులో ఒక మూల మట్టి, కట్టెల బూడిద కలిపి పోయండి. కోళ్లు అందులో పొర్లాడి పేలు వదిలించుకుంటాయి. మా పిల్లలకు టీవీ కంటే అదే ఇష్టం.

5. రోజూ ఎవరు ఏం చేయాలి

పొద్దున గూడు తలుపు తీయడం, నీళ్లు మార్చడం చిన్నవాళ్ల పని. నూకలు, తవుడు, సజ్జలు కలిపి గిన్నెలో పోయడం పెద్దపిల్లల పని. గుడ్లు పెట్టే వయసు వచ్చాక ఇవి ఒక్కటే చాలవు. కోడి రోజుకు వంద గ్రాముల పైనే తింటుంది. అందులో సగమైనా కొట్లో దొరికే లేయర్ దాణా (గుడ్ల కోళ్ల మేత) ఉంటే మంచిది. విడిగా ఓ చిప్పలో ఆల్చిప్పల పొడి పెట్టండి. పెంకు పల్చగా వస్తోందంటే సున్నం చాలడం లేదని అర్థం. వంటింట్లో మిగిలిన ఆకుకూర కాడలు, పుచ్చకాయ తొక్కలు వేయొచ్చు. ఉప్పు, మసాలా ఉన్న కూరలు, బూజు పట్టిన అన్నం వద్దు.

మన పల్లెల్లో ఒక పాత పద్ధతి ఉంది, పిల్లలకు భలే నచ్చుతుంది. పాత కుండలో ఎండు పేడ, చింకి గోనె ముక్క, గడ్డి కుక్కి కాస్త తడిపి, చెదలు ఉన్న చోట సాయంత్రం బోర్లించాలి. మర్నాటికి కుండ నిండా చెదపురుగులు. కోళ్ల ముందు దులిపితే నిమిషంలో మాయం. ఖర్చు లేని మాంసకృత్తులు. కాకపోతే ఇంటి గోడకు, తలుపులకు దూరంగా పెట్టండి!

గుడ్లు ఏరడం అందరికీ కావాలి కాబట్టి వంతులేయండి. ఒక నోటుపుస్తకంలో తేదీ, గుడ్ల సంఖ్య రాయించండి. ఇది లెక్కల కోసం కాదు. మూడు కోళ్లలో ఒకటి వారం నుంచి పెట్టడం లేదని ఆ పుస్తకమే ముందు చెబుతుంది. అప్పుడు చూడాల్సినవి: ఈకలు రాలుస్తోందా, పొదుగు పట్టి గూట్లోంచి లేవనంటోందా, లేక నిజంగానే నీరసంగా ఉందా. మొదటి రెండూ జబ్బులు కావు. మొదటి గుడ్డు ఆరో నెల ప్రాంతంలో వస్తుంది, చాలా చిన్నది. "ఇదేంటి, పిచ్చుక గుడ్డా?" అన్నాడు మావాడు.

కోడిని, గూటిని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. కోడిపిల్లను ముద్దు పెట్టుకోవడం, మొహానికి ఆనించుకోవడం వద్దు. రెట్టలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, ఐదేళ్లలోపు పిల్లలకు అది ఎక్కువ ప్రమాదం. పచ్చి రెట్ట వేడి ఎరువు, మొక్కల మొదట్లో నేరుగా వేస్తే వేళ్లు మాడతాయి. ఎండుటాకులతో కలిపి గుంతలో మూడు నాలుగు నెలలు మాగనిచ్చి వాడండి.

వేసవిలో ముక్కు తెరిచి, రెక్కలు విప్పి ఒగరుస్తుంటే వడగాలి తగులుతోందని గుర్తు. గూటి చుట్టూ తడి గోనెసంచులు వేలాడదీయండి, మట్టిచిప్పల్లో నీళ్లు పూటకోసారి మార్చండి. కోడి జబ్బుపడితే పశువైద్య సాయం కోసం 1962 నంబరుకు ఫోన్ చేయొచ్చు. ఒకటి కాదు, ఉన్నట్టుండి రెండు మూడు చచ్చిపోతే మాత్రం పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, మీరూ ఉత్త చేతులతో తాకకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది, అది పెరటి కోళ్లకూ వస్తుంది.

ఒక ఇబ్బందికరమైన సంగతి కోళ్లు రాకముందే మాట్లాడుకోండి. రెండు మూడేళ్లకు గుడ్లు తగ్గిపోతాయి. అప్పుడు ఆ కోడి పెరట్లోనే ముసలిదవుతుందా, ఆదివారం కూర అవుతుందా? ఏదైనా తప్పు కాదు. కానీ పిల్లలు దానికి పేరు పెట్టి రెండేళ్లు పెంచాక చెప్తే, ఆ కూర ఎవరూ తినరు.

6. కోళ్లు కుదరకపోతే గప్పీల తొట్టి

వంద లీటర్ల సిమెంటు తొట్టి, సగం పూట నీడ పడే చోటు, ఒక కలువ దుంప, ఎనిమిది పది గప్పీలు. అంతే. కుళాయి నీళ్లయితే ఒక రోజంతా నిల్వ ఉంచి, క్లోరిన్ పోయాక చేపల్ని వదలండి. రోజుకోసారి చిటికెడు మేత, రెండు నిమిషాల్లో తినేసేంత మాత్రమే. పిల్లలు చేసే తప్పు ఎప్పుడూ ఇక్కడే: ప్రేమ కొద్దీ గుప్పెడు వేస్తారు, నీళ్లు కుళ్లుతాయి. అందుకే మేత డబ్బాలో ఒక ఐస్‌క్రీమ్ చెంచా పెట్టి, రోజుకు అదొక్కటే అనండి. వారానికోసారి పావువంతు నీళ్లు తీసి మొక్కలకు పోసి, కొత్తవి నింపండి.

గప్పీలు గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్ని పెడతాయి, అదీ దాదాపు నెలకోసారి. ఎక్కువైతే స్నేహితులకు ఇవ్వండి, చెరువులో వదలొద్దు. అక్కడి మన చేపలకు అవి పోటీ. దోమ లార్వాలను మాత్రం ఒక్కటి మిగల్చవు. డెంగ్యూ దోమ ఇలాంటి శుభ్రమైన నిల్వ నీళ్లలోనే గుడ్లు పెడుతుంది కాబట్టి ఇది ఊరికే అందం కోసం కాదు. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే తొట్టి మీద గట్టి జాలీ బిగించాల్సిందే. లోతు తక్కువని ధీమా వద్దు.

అదీ కుదరదంటే కరివేపాకు చెట్టు ఉందిగా. లేత ఆకుల మీద పిట్టరెట్టలా కనిపించే చిన్న పురుగుల్ని దులిపేయకండి. కొన్ని రోజులు పోతే అవే పచ్చగా మారతాయి, తర్వాత కొమ్మకు అతుక్కుని కదలకుండా ఉండే ప్యూపాలై, ఆపై సీతాకోకచిలుకలై పోతాయి. నిమ్మచెట్టు మీదా ఇవే. నాలుగు రెమ్మలు వాటికి వదిలేస్తే పిల్లలకు నెల రోజుల కాలక్షేపం, మీకు ఊడ్చే పని కూడా ఉండదు.

7. ఊరెళ్లేటప్పుడు

గప్పీలకు మూడు నాలుగు రోజులు మేత లేకపోయినా పర్వాలేదు. కోళ్లకు అలా కుదరదు. పొద్దున తలుపు తీసి, నీళ్లు పెట్టి, చీకటి పడగానే గడియ వేసే మనిషి కావాలి. ఆ మనిషిని కోళ్లు కొన్న వారంలోనే చూసుకోండి, సంక్రాంతి ముందురోజు కాదు. ఒకటి రెండుసార్లు మీ ముందే చేయించి, దాణా డబ్బా, తాళం, పశువైద్యశాల నంబరు చూపించండి. మా పక్కింటి పిన్నిగారిని అడిగితే, మేం లేనన్ని రోజులూ పెట్టిన గుడ్లు ఆవిడవేనని ముందే ఒప్పందం చేసుకున్నారు. పోయిన పండక్కి మేం రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా ఆవిడేమీ అనలేదు.