ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్‌కి ఒకే ఒక్క అడ్మిన్ అకౌంట్ చాలు

మా ఇంట్లో విండోస్ 10 కంప్యూటర్ ఒకటే. పిల్లల అకౌంట్లు కూడా అడ్మినిస్ట్రేటర్‌గానే (అడ్మిన్, అంటే ఏ ప్రోగ్రామ్ అయినా ఎక్కించే అధికారం ఉన్న అకౌంట్) ఉండేవి కాబట్టి, స్క్రీన్ మసకబారి పర్మిషన్ అడిగే బాక్స్ రాగానే చదవకుండా యెస్ నొక్కేసేవాళ్లు, ఎక్కడెక్కడి టూల్‌బార్లో వచ్చి పడేవి. ముందు పాస్‌వర్డ్‌తో వేరే అడ్మిన్ అకౌంట్ చేసి, అందులో లాగిన్ అయి చూశాను. అది పనిచేస్తోందని తేలకముందే మిగతావాటిని మారిస్తే ఇరుక్కుపోతాం. ఆ తర్వాత అందులోంచే సెట్టింగ్స్, అకౌంట్స్, ఫ్యామిలీ అండ్ అదర్ యూజర్స్‌కి వెళ్లి, నా రోజువారీ అకౌంట్‌తో సహా అన్నింటినీ స్టాండర్డ్ యూజర్ చేశాను.

ఇప్పుడు అదే బాక్స్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, "నాన్నా, ఇదేదో అడుగుతోంది" అని పిలుస్తారు. పైన పసుపు పట్టీ ఉండి పబ్లిషర్ అన్‌నోన్ (తయారుచేసింది ఎవరో తెలియదు) అని కనిపిస్తే, ఆ ఫైల్ ఎక్కడిదో తేలేదాకా నేను పాస్‌వర్డ్ కొట్టను. ఆ బాక్స్ రాకుండా ఆపేయమని ఎవరైనా చెబితే మాత్రం దయచేసి వినకండి.